ముప్పై ఒక్క చిల్లులు

గురువారం పొద్దున్నే రఫూ పిన్ని తన బల్ల సంగతి మళ్లీ ఎత్తింది.

"మరిదీ, ముందు కిటికీ దగ్గర నా బల్ల పట్టదూ? కొలిచి మరీ చెబుతున్నాను. ఇంకో మూడు జానల చోటు మిగులుతుంది కూడా."

లాండ్రీ బాబాయి దుప్పట్ల మూట బిగిస్తున్నాడు, తలెత్తలేదు. ఈ మాట ఎన్నోసారి వింటున్నాడో ఆయనకి తెలీదు. పిన్నికి తెలుసు. ఈ ఏడాదిలో ఇది పదకొండోసారి.

"ఆ కిటికీ వీధిలోకి కనపడుతుంది వదినా. వచ్చేపోయేవాళ్లకి నీ చిరుగులూ పీలికలూ కనపడితే ఏమనుకుంటారు? ఇది లాండ్రీయా, పాతగుడ్డల కొట్టా అనరూ? అక్కడ తెల్లగా మడత నలగని చొక్కాలుండాలి."

"చొక్కాలకి వెలుతురెందుకయ్యా? అవేమన్నా సూదిలో దారం ఎక్కించాలా?"

కౌంటరు దగ్గర చీటీలు రాస్తున్న పిన్ని చెల్లెలు, అంటే బాబాయి పెళ్లాం, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. మొగుడి పక్షం వహిస్తే అక్కకి కోపం, అక్క పక్షం వహిస్తే ఆయనకి కోపం. అందుకని ఇన్నేళ్లుగా ఆవిడ చీటీల పక్షాన ఉంటోంది.

"చూద్దాంలే," అని మూట భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు బాబాయి.

పిన్ని కూచునేది వెనక గదిలో. ఒక పక్క నీళ్లు కాగే బాయిలరు, ఇంకో పక్క ఇస్త్రీ తాత బల్ల, మధ్యలో తెర. నెత్తి మీద ఒక బల్బు. గోడకి పైన ఒక చిన్న వెంటిలేటరు ఉంది గానీ, అందులోంచి ఎండ మధ్యాహ్నం గంటసేపే పడుతుంది. నల్ల బట్టలన్నీ ఆ గంట కోసం దాచిపెట్టుకుంటుంది పిన్ని. తక్కిన రోజంతా బల్బు కిందే. ఈ మధ్య సాయంత్రం అయ్యేసరికి పోగులు రెండేసి కనపడుతున్నాయి. ఈ పని ఇంకో పదేళ్లు చెయ్యాలని ఆవిడ కోరిక. కళ్లు మాత్రం రెండేళ్లకి మించి మాటివ్వడం లేదు. ఆ కిటికీ మీద ఆవిడ పట్టుదల అందుకే గానీ, షోకుకి కాదు.

రఫూ అంటే మాసిక వెయ్యడం కాదు. మాసిక ఎవరైనా వేస్తారు. చిల్లు పడ్డ గుడ్డలోంచే, లోపలి మడతలోంచి పోగులు లాగి, వాటితోనే చిల్లుని మళ్లీ నెయ్యాలి. ముందు పడుగు పోగులు వరసగా పరిచి, తర్వాత పేక పోగుని ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి దూర్చుకుంటూ పోవాలి. ముడి వేశావో, చేతికి తగులుతుంది. గట్టిగా లాగావో, ముడతపడుతుంది. పిన్ని చిల్లు కింద స్టీలు గ్లాసు బోర్లించి, గుడ్డని దాని మీద సాగదీసి పట్టుకుంటుంది. పని అయ్యాక తడి గుడ్డ వేసి ఇస్త్రీ తాత ఒక్క రుద్దు రుద్దితే, చిల్లు ఎక్కడుండేదో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అక్కడే వచ్చింది చిక్కు. కోటు తీసుకోవడానికి వచ్చిన మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం చెయ్యి బాబాయ్ నీది!" అంటాడు. బాబాయి, "ఏదో, మీ అభిమానం," అంటాడు. తెర వెనక పిన్నికి అన్నీ వినపడతాయి. పని కనపడలేదంటే బాగా కుదిరినట్టే, దానికి ఆవిడకి సంతోషమే. దానితోపాటు తను కూడా కనపడకుండా పోవడమే మింగుడుపడదు.

ఆ మధ్యాహ్నం చెల్లెలు ఒక పెద్ద మడత గుడ్డ తెచ్చి బల్ల మీద పడేసింది.

"అక్కా, ఎవరో అమ్మాయి ఇస్త్రీకి ఇచ్చి వెళ్లింది. సోమవారం కావాలట. విప్పి చూస్తే అన్నీ చిల్లులే. నీ దగ్గరికి రాకుండా తాత దగ్గరికి ఎలా పంపను?"

ఆ లాండ్రీలో అది కట్టుబాటు. చిల్లున్న గుడ్డ ఇస్త్రీ బల్ల ఎక్కకూడదు. పెట్టె మొన చిల్లులో తగులుకుందంటే వేలంత చిరుగు మూరెడు అవుతుంది. అందుకని అడిగినా అడక్కపోయినా, చిల్లుంటే ముందు పిన్ని, తర్వాతే తాత.

పిన్ని గుడ్డ విప్పింది. విప్పుతూనే ఉంది. మనిషికి మూడింతల పొడుగు, రెండు బారల వెడల్పు. చలువ చెయ్యని మంచి నూలు. అంచులో దండిగా మడత, కావలసినన్ని పోగులు. కానీ ఆ చిల్లులు! పురుగు కొట్టినవి కావు, నిప్పురవ్వ పడ్డవి కావు. కత్తెరతో పనిగట్టుకుని కోసినవి. బొత్తామంత కొన్ని, బొటనవేలంత కొన్ని. ఒకటి పిట్టలా ఉంది. ఒకటి తాళంచెవిలా ఉంది.

"ఎవరింట్లోనో పిల్లలకి కత్తెర దొరికినట్టుంది తాతా," అంది పిన్ని. "తల్లి పక్కింట్లో కబుర్లు చెబుతూ కూచుని ఉంటుంది."

తెర అవతలనుంచి తాత మెడ సాచి చూశాడు. "ఎన్ని?"

"ముప్పై ఒకటి."

"మరి వాళ్ల వీపు విమానం మోత మోగే ఉంటుందిలే."

గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టి, శుక్రవారం, శనివారం, అన్నం తినే వేళ తప్ప పిన్ని తలెత్తలేదు. పిట్టని పూడ్చింది. తాళంచెవిని పూడ్చింది. గుండ్రంగా మూతలా ఉన్నదొకటి, పన్నులా ఉన్నదొకటి. అన్నిటికన్నా దువ్వెన ఏడిపించింది ఆవిడని. ఒక్కో పన్ను సందునా నాలుగేసి పోగులు. "ఈ దువ్వెన కోసిన పిల్ల ఎవరో గానీ చెయ్యి మంచిదే," అని తిడుతూనే మెచ్చుకుంది. శనివారం సాయంత్రం గుడ్డంతా అరచేత్తో తడిమి చూసుకుంది. ఎక్కడా ఏదీ తగల్లేదు. పాలమీగడ తడిమినట్టుంది.

సోమవారం పొద్దున్న తాత ఇస్త్రీ చేసి, మడిచి, కౌంటరు మీద పెట్టాడు.

*

పదిగంటలకి బొమ్మలమ్మాయి వచ్చింది. వీధిలో తెలిసినవాళ్లంతా ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. గ్రంథాలయం హాల్లో మూడు నెలలనుంచీ బొమ్మల పని చేయిస్తోంది. తను వెయ్యదు, జనం చేత చేయిస్తుంది. గోళ్ల నిండా రంగు, భుజాన సంచీ, మనిషి ఎప్పుడూ పరుగులోనే ఉంటుంది. ఆ వేళకి బాబాయి కౌంటరులోనే ఉన్నాడు. డ్రైవరు తాత కూడా ఉన్నాడు. బస్సు నడిపే ఉద్యోగం అయిపోయినప్పటినుంచీ, పేపరు చదవడానికి రోజూ అక్కడికే వస్తాడాయన.

బొమ్మలమ్మాయి గుడ్డ ఒక మడత విప్పింది. రెండో మడత విప్పింది. మూడో మడత దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇది నాది కాదండీ. మారిపోయింది."

"మారే ప్రశ్నే లేదమ్మా," అని బాబాయి చీటీ చూపించాడు. "చూశావా, ఎంత శుభ్రంగా ఉందో! చిల్లన్నది మచ్చుకైనా ఉందా? మా షాపులో పనంటే అలా ఉంటుంది..." అంటూనే, అడుగు అంచు మీద పెన్నుతో రాసిన గ్రంథాలయం గుర్తు చూశాడు. చీటీ దించాడు. "అమ్మా, ఇది ఆ తెరా? మేమంతా కోశామే, అదా?"

"అదేనండీ," అంది అమ్మాయి. సంచీ కింద పెట్టి దాని మీదే చతికిలబడింది.

సంగతేమిటంటే, బొమ్మలమ్మాయి వీధిలో ప్రతి ఇంటికీ, ప్రతి షాపుకీ తిరిగి మనుషుల్ని పిలిచింది. మీ దగ్గర ఒకప్పుడుండి ఇప్పుడు లేనిదేదో తలుచుకోండి, దాని ఆకారం మీ చేత్తోనే ఈ గుడ్డలో కొయ్యండి అంది. తనతో కలిపి ముప్పై ఒక్కమంది కోశారు. తెరని హాల్లో పడమటి కిటికీకి అడ్డంగా కడితే, సాయంత్రపు ఎండ ఆ చిల్లుల్లోంచి దూరి, పోయిన వస్తువులన్నీ నేలమీద వెలుగై పడతాయి. బుధవారం సాయంత్రం తెర కట్టాలి. వీధంతా వస్తుంది.

"నా పన్ను!" అన్నాడు డ్రైవరు తాత, పేపరు పక్కన పడేసి. "నా ముందు పన్ను అందులోనే ఉంది! ఎవరయ్యా పూడ్చింది?"

బాబాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్లలో కోట్లూ శాలువలూ ఎన్ని వచ్చినా ఆ నోట రాని మాట ఇప్పుడు గబుక్కున వచ్చేసింది. "నేను కాదు. వెనక గదిలో మా వదిన. ఆవిడే చేసింది. అడక్కుండా అంతా ఆవిడే చేసింది."

మెప్పు వచ్చినన్నాళ్లూ ఆయనది, తప్పు వచ్చేసరికి ఆవిడది. వెనక గదిలో పిన్ని సూది పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

"నేనే అమ్మాయ్. పిల్లలు పాడుచేశారనుకున్నాను. ఎవరూ నాకు చెప్పలేదు."

బొమ్మలమ్మాయి ఆవిడని ఎగాదిగా చూసింది. తర్వాత బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, మీ షాపునుంచి ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను కదండీ? ఇంకెవరూ లేరు, షాపు తరఫున నేనొక్కణ్నే అన్నారు."

"అంటే... కౌంటరు దగ్గర ఎవరూ లేరని నా ఉద్దేశం..."

"నేను లేనా కౌంటరు దగ్గర?" అంది చెల్లెలు. చీటీల పుస్తకం ఠప్పున మూసేసింది. "వీధంతా కత్తెర పట్టి కోశారు, నాకు సంగతే తెలీదు! ఆ చిల్లు గుడ్డ పట్టుకుపోయి అక్కకిచ్చింది నేనే. ఆ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. మనిషి దుర్మార్గుడు కాదు. షాపంటే తనే అనుకోవడం అలవాటైపోయింది, అంతే.

*

"సరే, మళ్లీ కోసేద్దాం," అన్నాడు డ్రైవరు తాత. "ఎక్కడుంది నాది?"

నలుగురూ గుడ్డమీద పడ్డారు. వేళ్లతో తడిమారు, కళ్లద్దాలు పెట్టుకుని చూశారు, ముక్కు ఆనించి చూశారు. ఒక్కటి దొరికితే ఒట్టు. బాబాయి తన సైకిలు గంట కోసం వెతికి వెతికి, "ఇక్కడే ఉండాలి" అని ఐదు చోట్ల చూపించాడు. ఆఖరికి అందరూ పిన్ని వైపు చూశారు.

పిన్ని వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది. ఆవిడ మొహంలో కంగారు, దాని వెనకే కాస్త గర్వం.

"నాకూ తగలట్లేదు."

"ఇదెక్కడి చోద్యం!" అన్నాడు డ్రైవరు తాత. "చేసినావిడకే దొరకట్లేదట!"

బొమ్మలమ్మాయికి ఏడుపు రావాల్సింది నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పిన్నీ, గుర్తుందా ఏది ఎక్కడుందో?"

"గుర్తు లేకేం? పై అంచునుంచి రెండు జానలకి పిట్ట. దాని ఎడంపక్క నాలుగు వేళ్ల దూరంలో తాళంచెవి. దానికింద మూత..."

"మూత ఏంటి వదినా, అది నా సైకిలు గంట!"

"మూతలాగే ఉందయ్యా. కోసినవాడి చెయ్యి అలా ఉంటే నేనేం చెయ్యను?" అని పిన్ని లెక్క సాగించింది. ముప్పై ఒకటీ వరసగా, తడుముకోకుండా చెప్పింది. "దువ్వెన ఎవరిదో గానీ, దాంతో నా తల ప్రాణం తోకకొచ్చింది."

"నాది," అంది బొమ్మలమ్మాయి. "మా నానమ్మది."

"పళ్లు బాగా కోశావు. కానీ చోటు తెలిస్తే చాలదమ్మాయ్. నా పోగు ఎక్కడ మొదలయిందో కనపడితేనే లాగగలను. అప్పుడు చిల్లు ఎలా ఉండేదో అలాగే తేలుతుంది, మళ్లీ కత్తెర పెట్టక్కర్లేదు. అంచుల దగ్గర పాతపోగూ కొత్తపోగూ కలిసి నేత కాస్త చిక్కగా ఉంటుంది. వెలుతురుకి అడ్డం పెడితే నీడలా తెలుస్తుంది. కానీ ఆ బల్బు కింద నాకది కనపడదు."

అందరి కళ్లూ ముందు కిటికీ వైపు తిరిగాయి. అక్కడ ఎండలో ఆరు తెల్ల చొక్కాలు వేలాడుతున్నాయి.

బాబాయి వెళ్లి మొదటి చొక్కా దించాడు. "బుధవారం దాకానే," అన్నాడు.

చొక్కాలు లోపలికి వెళ్లాయి. ఇస్త్రీ తాత ఒక కొసా, డ్రైవరు తాత ఒక కొసా పట్టి పిన్ని బల్లని మోసుకొచ్చారు. టేకు బల్ల, ఇద్దరు లేకపోతే కదలదు. మోస్తూ డ్రైవరు తాత, "కుడికి... కుడికి... ఆపు!" అని బస్సు వెనక్కి తీస్తున్నట్టు కేకలు పెట్టాడు. చెల్లెలూ బొమ్మలమ్మాయీ గుడ్డని అద్దానికి ఆనించి పట్టుకున్నారు. పిన్ని చెప్పిన చోట, సరిగ్గా పై అంచునుంచి రెండు జానలకి, నూలులో లేత నీడగా ఒక పిట్ట కనపడింది.

పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. తను చేసిన పని తనకే కనపడటం, అదే మొదలు.

సూది మొనతో ఒక్క పోగు లేపింది. లాగింది. తర్వాతది లాగింది.

మధ్యాహ్నానికి వార్త వీధంతా పాకింది. ఎవరిది వాళ్లు చూసుకోవడానికి ఒక్కొక్కరే వచ్చారు. పిట్ట కోసిన టీకొట్టు ఆవిడ వచ్చి, అందులో చెయ్యి పెట్టి చూసుకుని, "అమ్మయ్య, ఎగిరిపోలేదు," అంది. మందుల షాపాయన గుడ్డని వదిలేసి పిన్నినే చూస్తూ నిలబడ్డాడు. "నా నీలం కోటు మోచేయి... అది కూడా మీరేనా?"

"పోయిన చలికాలం. ఎడమ మోచేయి. మేకు తగిలి చిరిగింది. మీరు ఎలుక కొరికిందని చెప్పారట."

"అయ్యో, నేను బాబాయికి దండాలు పెట్టానండీ!"

"పెట్టినవి ఆయన దగ్గరే ఉన్నాయి, అడిగి తెచ్చుకోండి," అంది పిన్ని, పోగు మీదనుంచి కళ్లు తియ్యకుండా. షాపు గొల్లుమంది. బాబాయి కూడా నవ్వాడు. నవ్వక చేసేదేముంది?

డ్రైవరు తాత వంతు వచ్చింది. పన్ను నీడ చూసుకుని, నోట్లో ఖాళీని నాలుకతో తడుముకుని, చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉంచెయ్యమ్మా. డాక్టరు కట్టలేనన్న పన్ను నువ్వు కట్టావు. మళ్లీ పీకొద్దు."

"ఏమ్మా, ఉంచొచ్చా?" అంది పిన్ని.

"ఆయన చిల్లు, ఆయనిష్టం," అంది బొమ్మలమ్మాయి. ఒక్క క్షణం ఆగి, సంచీలోంచి ఎర్రదారపు ఉండ తీసింది. "పిన్నీ, నాకొకటి తోస్తోంది. ఆ పన్ను చుట్టూ ఈ దారంతో కుట్టండి. నువ్వు చేసినట్టు అందరికీ తెలుస్తుంది."

'మీరు', 'నువ్వు' రెండూ కలిసిపోయాయి పాపం, ఉత్సాహంలో. పిన్ని సూది ఆగింది.

"వద్దమ్మాయ్."

"నీ పని కనపడాలి కదా పిన్నీ!"

"కనపడితే అది రఫూ కాదు. నలభై ఏళ్లు కనపడకుండా చెయ్యడం నేర్చుకుని, ఇప్పుడు ఎర్రదారంతో పాడుచేసుకోనా? పనిని దాగనియ్యి. మనిషిని దాచకపోతే చాలు."

బొమ్మలమ్మాయి దారపు ఉండ చేతిలో తిప్పింది, తిప్పింది, మళ్లీ సంచీలో వేసేసుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూచుంది. "అయితే పోగు లాగడం నాకు నేర్పు."

మొదటి పోగు తెంపేసింది. రెండోదీ తెంపేసింది. "గుర్రాన్ని లాగినట్టు లాగకు," అంది పిన్ని. "పసిపిల్ల చేతిలోంచి మిఠాయి తీసుకున్నట్టు తియ్యి. దానికి తెలియకూడదు." సాయంత్రానికి అమ్మాయి తన దువ్వెనలో మూడు పళ్లు తనే విప్పుకుంది.

మంగళవారం అంతా అదే పని. బుధవారం మధ్యాహ్నానికి ముప్పై చిల్లులు తేలాయి. బొమ్మలమ్మాయి కత్తెర తీసి, పిడి పిన్ని వైపు తిప్పి చాచింది.

"నిన్ను పిలవకపోవడం నా తప్పు. అందరినీ పిలిచానని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వూ ఒకటి కొయ్యి. నీ దగ్గరుండి, పోయింది ఏదైనా."

పిన్ని కత్తెర చూసింది, కిటికీ చూసింది. ఎండ ఆవిడ మోచేతుల దాకా వచ్చి ఉంది.

"నాకు కావలసింది ఎప్పుడూ లేనే లేదు అమ్మాయ్. లేనిదానికి ఆకారం ఎక్కడనుంచి తేను? ఈ మూడు రోజులూ ఉంది. రేపు ఉండదు. కొయ్యాలంటే రేపు కోస్తాను."

ఆ మాట మెల్లగానే అంది. కానీ షాపు చిన్నది. కౌంటరు దాకా వినపడింది, తెర వెనక దాకా వినపడింది. చొక్కాలు లెక్కపెడుతున్న బాబాయికి లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

*

సాయంత్రం హాల్లో కాలు పెట్టే చోటు లేదు. తెర కట్టారు. ఎండ వాలింది. నేలమీద ముందు తాళంచెవి పడింది, తర్వాత పిట్ట, దువ్వెన, గంట. జనం తమ తమ వెలుగు పక్కన నిలబడి, పక్కవాళ్లకి చూపించుకున్నారు. డ్రైవరు తాత తన పన్ను పడని చోట నిలబడి, "ఇక్కడ ఏమీ లేదు చూడండి! ఎంత బాగా లేదో!" అని అందరినీ లాక్కొచ్చి చూపించాడు. బాబాయి సైకిలు గంట పక్కన కాసేపు నిలబడి, వంగి, ఎవరూ చూడట్లేదనుకుని, బొటనవేలితో దాన్ని మోగించినట్టు చేశాడు. అది పిన్ని చూసింది. ఇంకెవరికీ చెప్పలేదు.

గురువారం పొద్దున్న పిన్ని వచ్చేసరికి బల్ల ఇంకా కిటికీ దగ్గరే ఉంది. ఆవిడ కూచుంది. గ్లాసు బోర్లించింది. మందుల షాపాయన తెల్లారకుండా ఇచ్చిపోయిన నల్ల శాలువ దానిమీద సాగదీసింది. నల్లది, పొద్దున తొమ్మిదింటికి! మధ్యాహ్నపు గంట కోసం చూడక్కర్లేదు. పడుగు పోగు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడుతోంది. ఉన్నంతసేపు ఉంటుంది అనుకుని సూది ఎత్తింది.

బాబాయి చొక్కాల దండెం పట్టుకుని వచ్చాడు. "వదినా, బుధవారం దాకా అనుకున్నాం కదా," అన్నాడు. గొంతులో గట్టితనం కోసం వెతుక్కున్నాడు గానీ, సరిగ్గా దొరకలేదు. దండెం గోడకి ఆనించి, బల్ల ఒక కొస పట్టుకుని లేపాడు. "ఎవరైనా ఆ కొస పట్టండి."

ఇస్త్రీ తాత తెర పక్కకి తొలగించి చూశాడు. "పెట్టె కాగి ఉంది బాబూ. వదిలితే చొక్కా కాలిపోతుంది." తెర మళ్లీ పడింది. పెట్టె చప్పుడు మాత్రం రాలేదు.

"డ్రైవరు గారూ?"

"నడుము," అన్నాడు డ్రైవరు తాత, పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని. "మొన్న మోసిన దగ్గరనుంచీ."

బొమ్మలమ్మాయి అప్పుడే లోపలికి వచ్చింది, పోగు లాగడం ఇంకా నేర్చుకోవడానికి. "చేతులకి రంగు బాబాయ్," అని రెండు చేతులూ చూపించింది. రంగు ఉన్న మాట నిజమే. ఎండి మూడు నెలలయింది.

బాబాయి ఆఖరికి పెళ్లాం వైపు చూశాడు. చెల్లెలు చీటీల పుస్తకం తెరిచింది. చాలా శ్రద్ధగా తెరిచింది. "నాకు చీటీలున్నాయి," అంది.

బాబాయి ఒక కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అటు కొస నేలమీదే ఉంది. బల్ల ఏటవాలు అయింది, గ్లాసు మెల్లగా జారడం మొదలుపెట్టింది. పిన్ని ఒక చేత్తో గ్లాసు ఆపింది, ఇంకో చేత్తో సూది ఎత్తి పట్టుకుంది. తలెత్తలేదు.

"కాస్త దించు మరిదీ," అంది. "పోగు కదులుతోంది."

బాబాయి బల్ల దించాడు. చప్పుడు కాకుండా దించాడు.